మూలశిల పుట్టేది ఎక్కడ? జీవం పొంగినచోటా, గాలి ఆడనిచోటా, బురద చేరనిచోటా?

నల్లరాయి (మొదటి టపా)

అందరికీ నమస్కారం. భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. సెమినారుకు నాకు వచ్చిన అంశం: సముద్రంలో ఏర్పడిన చమురు మూలశిలలు, అంటే చమురు పుట్టే రాళ్లు, ఎక్కడెక్కడ ఉన్నాయి, అక్కడే ఎందుకు ఉన్నాయి. మా నోట్సులో దీని గురించి ఒకే వాక్యం ఉంది: "అడుగున ఆక్సిజన్ లేని సముద్రంలో మూలశిల ఏర్పడుతుంది, ఉదాహరణ నల్లసముద్రం." కంఠస్థం చేశాను.

గ్రంథాలయంలో పాత వ్యాసాలు తిరగేశాక చిక్కు మొదలైంది. 1980లో డెమైసన్, మూర్ ఆక్సిజన్ లేకపోవడమే అసలు కారణం అన్నారు. పదేళ్ల తర్వాత పెడర్సన్, కాల్వర్ట్ దాన్ని తిప్పికొట్టారు. పైనున్న నీటిలో ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) విపరీతంగా పెరగడమే కారణమనీ, అవి కుళ్లడం వల్లనే ఆక్సిజన్ అయిపోతుందనీ వారి వాదన. ఎవరి మాట నమ్మాలి?

ఇంకో సందేహం. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ కలిసి బంగాళాఖాతంలో ఇంత చెత్తా చెదారం పోస్తున్నాయి కదా, ఆ అడుగంతా మూలశిల కావాలి కదా?

పాతసుత్తి

ఇద్దరినీ నమ్మండి, ఇద్దరినీ అనుమానించండి. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పి విరమించినవాడిని, ఇంతకంటే సూటిగా చెప్పలేను.

మూలశిల కావాలంటే ముందు తిండి పుట్టాలి, తర్వాత అది మిగలాలి, ఆ మిగిలినది పలచబడకూడదు. సముద్రం ఉపరితలంలో ప్లవకాలు తయారుచేసే సేంద్రియ పదార్థంలో అడుగు మట్టిలో శాశ్వతంగా మిగిలేది సగటున ఒక్క శాతం కూడా ఉండదు. మిగతాది దారిలోనే ఎవరో ఒకరు తినేస్తారు. కాబట్టి మూలశిల కథ అంటే తప్పించుకున్నవాటి కథ.

ఆవకాయ జాడీని గుర్తుకు తెచ్చుకోండి. కాయ ఎంత మంచిదైనా పైన నూనె తేలకపోతే బూజు పడుతుంది. నూనె ఎంత పోసినా జాడీలో కాయే లేకపోతే తినడానికి ఏమీ ఉండదు. డెమైసన్ నూనె గురించి మాట్లాడారు, పెడర్సన్ కాయ గురించి మాట్లాడారు.

గంపెడుసందేహాలు

మాస్టారూ, నాకు ఈ శాస్త్రంతో సంబంధం లేదు, బ్యాంకు ఉద్యోగిని. చమురు డైనోసార్ల నుంచి వచ్చిందని చిన్నప్పుడు చదివాను. ఈ ప్లవకాల మాట ఏమిటి?

పాతసుత్తి

డైనోసార్లకు ఆ గౌరవం దక్కలేదండీ. సముద్రపు చమురుకు ముడిసరుకు కంటికి కనిపించని శైవలాలు, వాటిని అంటిపెట్టుకుని బతికే బాక్టీరియాలు. వాటి కొవ్వుల్లో హైడ్రోజన్ ఎక్కువ. అవి మట్టిలో పూడి కెరోజెన్ అనే గట్టి సేంద్రియ పదార్థంగా మారి, సుమారు 60 నుంచి 120 డిగ్రీల వేడిలో లక్షల ఏళ్లు ఉడికితే చమురు. చెట్ల కలప, ఆకుల శేషంలో హైడ్రోజన్ తక్కువ. అది ఉడికితే ఎక్కువగా గ్యాసే వస్తుంది. ఈ తేడా నల్లరాయి గారి బంగాళాఖాతం ప్రశ్నకు అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

తీరపుగాలి

నేను సముద్రశాస్త్రం వైపునుంచి వస్తున్నాను. శిలలకు కారణాలు వెతికేవారు ఇప్పటి సముద్రాలను ఒకసారి చుట్టి రావాలని నా పట్టుదల. నాలుగు చోట్లకు వెళ్దాం.

మొదట నల్లసముద్రం. లోతు 2,200 మీటర్లు. బయటి ప్రపంచంతో దాని సంబంధం బాస్ఫరస్ జలసంధి ఒక్కటే, దాని గడప, అంటే అడుగున అడ్డుగా ఉన్న గట్టు, లోతు 35 మీటర్ల దగ్గర ఉంటుంది. డాన్యూబ్ వంటి నదుల మంచినీరు పైన తేలుతుంది, మధ్యధరా నుంచి వచ్చే ఉప్పునీరు బరువెక్కి అడుగున చేరుతుంది. రెండూ కలవవు. 150, 200 మీటర్ల కింద ఆక్సిజన్ లేదు, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది. ఉపరితలంలో జీవం మధ్యరకమే. అయినా ఏడెనిమిది వేల ఏళ్ల క్రితం పేరుకోవడం మొదలైన నల్లబురద పొరలో కొన్నిచోట్ల కర్బనం 20 శాతం దాకా చేరింది. ఇది గడప చేసిన పని.

తర్వాత పెరూ తీరం. అక్కడ గడప లేదు, గోడ లేదు, ఎదురుగా పసిఫిక్ మొత్తం తెరిచే ఉంది. తీరం వెంట వీచే గాలి పైనీటిని దూరంగా నెడుతుంది, ఆ ఖాళీలోకి లోతునుంచి నైట్రేటు, ఫాస్ఫేటు నిండిన చల్లటి నీరు పైకి ఉబుకుతుంది. ప్లవకాలు పొంగిపోతాయి, చచ్చి కిందికి జారుతూ కుళ్లి, నడిమి లోతులో ఆక్సిజన్ మొత్తం తాగేస్తాయి. ఆ లోతు నీరు ఖండపు వాలును తాకేచోట బురదలో కర్బనం పది శాతం దాటుతుంది. ఇది గాలి చేసిన పని.

మూడోది మన అరేబియా సముద్రం. నైరుతి రుతుపవనాలకు ఒమాన్, సోమాలియా తీరాల్లో పెరూ తరహాలోనే లోతునీరు ఉబుకుతుంది. సుమారు 150 మీటర్ల నుంచి వెయ్యి మీటర్లు దాటేదాకా ఆక్సిజన్ కరువు. కాయా నూనె గొడవకు ఈ సముద్రమే కుస్తీ గోదా. ఒకే సమాచారం చూపించి రెండు పక్షాలూ గెలిచామని ప్రకటించుకున్నాయి.

ఇక బంగాళాఖాతం. వానలు, నదులు పోసిన మంచినీరు పైన మూతలా పరుచుకుంటుంది. గాలి బలం చాలక ఆ మూత పగలదు, లోతునున్న ఎరువు పైకి రాదు. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ ప్లవకాలు తక్కువ. నల్లసముద్రంలో అడుగును కాపాడిన మంచినీటి మూతే ఇక్కడ పైనున్న పంటను చంపింది. ఒకే కారణం రెండు చోట్ల రెండు ఫలితాలు ఇస్తుంది కాబట్టే ఒక్క వాక్యపు నోట్సులంటే నాకు కోపం.

బురదలెక్క

బంగాళాఖాతం మీద నాదీ ఒక మాట. చమురు బావుల దగ్గర మడ్‌లాగింగ్, అంటే తవ్వేటప్పుడు పైకి వచ్చే బురదను, రాతి ముక్కలను పరిశీలించే పని, చేసేవాణ్ని, బురదే నా జీవనం.

లెక్క చాలా చిన్నది. ఊహకోసం ఒక చదరపు మీటరు అడుగున ఏడాదికి 10 గ్రాముల కర్బనం మిగిలిందనుకోండి. దానితో పాటు 200 గ్రాముల మట్టి పడితే కర్బనం ఐదు శాతానికి దగ్గర. 2,000 గ్రాముల మట్టి పడితే అర శాతం. కర్బనం అంతే ఉంది, మొదటిది చక్కని మూలశిల, రెండోది ఎందుకూ కొరగాని షేల్ (బురద గట్టిపడిన రాయి). పాలలో చెంబుతో నీళ్లు కలపడానికీ బిందెతో కలపడానికీ ఉన్న తేడా ఇది.

గంగ, బ్రహ్మపుత్ర రెండూ కలిసి ఏడాదికి సుమారు వంద కోట్ల టన్నుల ఒండ్రు తెస్తాయి. దాని మధ్య కర్బనం శాతం ఎక్కడ నిలుస్తుంది?

తీరపుగాలి

ఒక సవరణ. శాతం తక్కువ అంటే మొత్తం తక్కువని కాదు. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన సేంద్రియ పదార్థంలో చాలా భాగం బంగాళాఖాతపు ఒండ్రులో చెక్కుచెదరకుండా పూడుతోందని 2007లో తేలింది. ఒండ్రు వేగంగా కప్పేయడం వల్ల కుళ్లే తీరిక దొరకదు. వాతావరణం నుంచి కార్బన్ డయాక్సైడును తొలగించే పనిలో ఆ సముద్రానికి పెద్ద పాత్రే ఉంది. కానీ ఆ సంపద కిలోమీటర్ల మందంలో చల్లి పడి ఉంది, అందులోనూ నేలమీది మొక్కల శేషం ఎక్కువ.

బురదలెక్క

ఒప్పుకుంటాను. ఒండ్రు కొంతవరకు కాపలాదారు, అక్కడినుంచి దొంగ. ఆక్సిజన్ ఉన్న నీటిలో కాస్త ఒండ్రు పడితేనే కర్బనం మిగులుతుంది, లేకపోతే పురుగులు తింటాయి. ఆక్సిజన్ లేనిచోట ఆ కాపలా అవసరమే లేదు, ఎంత తక్కువ ఒండ్రు పడితే అంత మేలు.

నల్లరాయి

ఇప్పుడు కొంచెం వెలుగు కనిపిస్తోంది. అయితే ఒండ్రు తక్కువ పడే చోటును పాత శిలల్లో ఎలా ఊహించాలి? నదులు అప్పుడూ ఉన్నాయి కదా.

పాతసుత్తి

సముద్రమట్టం పెరిగిన కాలం చూడండి. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చినప్పుడు నదుల నోళ్లు మునిగిపోతాయి. అవి తెచ్చే ఇసుక, ఒండ్రు ఆ మునిగిన లోయల్లోనే చిక్కుకుంటాయి, దూరంగా ఉన్న లోతునీటికి చేరవు. అక్కడ లక్షల ఏళ్ల కాలమంతా కొద్ది మీటర్ల పొరలో నలిగి ఉంటుంది. అదే సమయంలో విశాలమైన పల్లపు నేలలు లోతు తక్కువ సముద్రాలుగా మారతాయి. ప్రపంచంలోని పెద్ద మూలశిలల్లో చాలావాటికి ఇలాంటి ముంపు కాలాలతోనే చుట్టరికం.

ఎడారికాపు

నేను పన్నెండేళ్లుగా గల్ఫులో పని చేస్తున్నాను, కోర్ (బావి నుంచి తీసిన రాతి కడ్డీ) ప్రయోగశాలలో. ఆలస్యంగా చూశాను, ఇక్కడ మా ఎడారి ప్రస్తావన లేకుండా చర్చ ఇంత దూరం ఎలా వచ్చింది?

మాస్టారు చెప్పిన ముంపుకు ఇక్కడి కంటే మంచి సాక్ష్యం దొరకదు. ఆర్డోవిషియన్ చివర, అంటే సుమారు 44 కోట్ల 50 లక్షల ఏళ్ల క్రితం, ఇప్పటి సహారా దక్షిణ ధ్రువం దగ్గర మంచు కింద ఉండేది. ఆ మంచు కరిగి సముద్రం ఉత్తర ఆఫ్రికా, అరేబియాల మీదికి వచ్చింది. మంచు చెక్కి వదిలిన పల్లాల్లో మొదట నీరు నిండింది, నిండినచోట నిలిచిపోయింది, ఆ వెంటనే వచ్చిన సైలూరియన్ కాలం ఆరంభపు నల్ల షేల్ అక్కడే పేరుకుంది. సౌదీలో దాన్ని కుసైబా అంటారు, అల్జీరియాలో తన్నెజుఫ్త్ అంటారు. అల్జీరియాలోనే 1956లో బయటపడిన హాసీ మెసౌద్ చమురు ఇంకా పాతదైన కేంబ్రియన్ ఇసుకరాతిలో ఉంది కానీ, దాని తల్లి ఈ సైలూరియన్ షేలే. మిట్టమీద అదే కాలపు షేల్ ఉన్నా అందులో సరుకు ఉండదు. పది కిలోమీటర్ల దూరంలో రెండు బావులు తవ్వితే ఒకదానిలో ఉంటుంది, రెండోదానిలో ఉండదు. పల్లం ఎక్కడ ఉండేదో గీసుకోగలిగినవాడిదే గెలుపు.

బావిలో దీన్ని పట్టేది గామా లాగ్, అంటే లోతు వెంట రాతి రేడియోధార్మికతను చూపే గీత. ఆక్సిజన్ లేని అడుగుమట్టి సముద్రపు నీటిలోని యురేనియాన్ని పట్టి ఉంచుతుంది, అందుకే ఆ పొర దగ్గర గీత ఒక్కసారిగా కుడివైపుకు గెంతుతుంది. హాట్ షేల్ అనే పేరు అందుకే వచ్చింది. వేడి వల్ల కాదు.

రెండో పొర ఇంకా ముఖ్యం. సౌదీలోని ఘవార్ చమురు క్షేత్రం 1948లో దొరికింది, ప్రపంచంలో అతిపెద్దది. దాని చమురు జురాసిక్ కాలపు తువైక్ మౌంటెన్, హనీఫా పొరల నుంచి వచ్చింది. ఇవి షేల్ కావు, సున్నపురాయి జాతివి. నదులు లేని ఎండ ప్రాంతం, అంటే బంకమట్టి లేదు, పలచబడే బెడద లేదు. లోతు తక్కువ సముద్రంలోని సున్నపు వేదిక మధ్య కొద్దిపాటి లోతున్న పళ్లెం ఒకటి ఏర్పడింది. దాని అంచులే గడపలు. అక్కడి నీరు పొరలుగా విడిపోయి అడుగు ఊపిరాడక నిలిచింది. కర్బనం కొన్నిచోట్ల పది శాతం పైమాట. దాని పైన అరబ్ పొర చమురు నిలిచే రాయిగానూ, ఆపైన హిత్ అన్‌హైడ్రైట్ అనే చమురును చొరనివ్వని రాయి మూతగానూ పేర్చినట్టు వచ్చాయి. ఇంత సవ్యంగా అమరిన వంటిల్లు నేను మరొకటి చూడలేదు.

నల్లరాయి గారూ, మూలశిల అంటే నల్ల షేలేనని మీ నోట్సులో ఉంటే దాన్నీ కొట్టేయండి.

గంపెడుసందేహాలు

మళ్లీ నేనే. బ్యాంకు బుర్ర కాబట్టి అడుగుతున్నాను. అప్పు మొండిబాకీ అయ్యాక అందరూ కారణాలు చెబుతారు. చమురు దొరికాక "ఇక్కడ పల్లం ఉండేది, అక్కడ గడప ఉండేది" అనడం కూడా అలాంటిదే కదా? దొరకని చోట్ల పల్లాలు, గడపలు లేవా?

పాతసుత్తి

ఇది ఈ దారంలో వచ్చిన అన్నిటికంటే మంచి ప్రశ్న.

ఉన్నాయి. దొరకని చోట్ల కూడా గడపలు ఉన్నాయి. మూలశిల ఉన్నా అది తగినంత లోతుకు పూడకపోతే ఉడకదు. ఎక్కువ పూడితే మాడిపోతుంది. ఉడికి బయటికి వచ్చినా పట్టి ఉంచే గిన్నె లేకపోతే నేలమీదికి కారిపోతుంది.

ఇక కాలం లెక్క. 1991లో క్లెమ్, ఉల్మిషెక్ ప్రపంచపు చమురు, గ్యాసు నిల్వలను వాటి మూలశిలల వయసు ప్రకారం విడదీశారు. ఆరు కాలఖండాలే 90 శాతానికి పైగా ఇచ్చాయి. సైలూరియన్ 9, డెవోనియన్ చివరి భాగం 8, కార్బోనిఫెరస్ చివర నుంచి పెర్మియన్ ఆరంభం దాకా 8, జురాసిక్ చివరి భాగం 25, క్రెటేషియస్ మధ్యభాగం 29, ఒలిగోసీన్, మయోసీన్ కలిసి 12.5 శాతం. ఈ ఆరూ కలిపినా గడిచిన 54 కోట్ల ఏళ్లలో మూడో వంతే. నా లెక్కలో ఇది యాదృచ్ఛికం కాదు. జురాసిక్, క్రెటేషియస్‌లలో ఖండాలు విడిపోతున్నాయి, కొత్త ఇరుకు సముద్రాలు తెరుచుకుంటున్నాయి, సముద్రమట్టం ఎత్తులో ఉంది, వాతావరణం వెచ్చగా ఉంది, అగ్నిపర్వతాలు కార్బన్ డయాక్సైడును గుమ్మరిస్తున్నాయి.

అయితే మీ అనుమానానికి ఆ అధ్యయనంలోనే బలం ఉంది. ఈనాటి నిల్వల్లో దాదాపు సగం ఒలిగోసీన్ తర్వాత, అంటే భూచరిత్ర లెక్కలో ఈమధ్యే, తయారై చేరినవే. పాత చమురు కొట్టుకుపోయింది, చిల్లులు పడి కారిపోయింది. మనకు కనిపించే పట్టికలో పుట్టుక ఎంత ఉందో, చావు నుంచి తప్పించుకోవడమూ అంతే ఉంది.

తీరపుగాలి

క్రెటేషియస్ గురించి ఒక చేర్పు. సుమారు 9 కోట్ల 40 లక్షల ఏళ్ల క్రితం, సెనోమేనియన్, ట్యూరోనియన్ అనే రెండు ఉపకాలాల హద్దు దగ్గర, ప్రపంచంలో చాలా సముద్రాలు ఒకేసారి ఉక్కిరిబిక్కిరి అయ్యాయి. ఇటలీలోని గుబ్బియో దగ్గర తెల్లటి సున్నపురాతి మధ్య ఒక మీటరు మందంలో ఉన్న నల్లపొర ఆ కాలానిదే, బొనరెల్లి పొర అంటారు. వెనెజువేలాలో మరకైబో చమురుకు తల్లి అయిన లా లూనా పొర కూడా ఈ కాలాన్ని కలుపుకుని ఉంది. అంత పెద్ద ఘటన జరిగినా అన్ని సముద్రాల్లోనూ నల్లపొర పడలేదు. ప్రపంచ వాతావరణం అవకాశం ఇస్తుంది, దాన్ని అందుకోవడం స్థానిక భూగోళం చేతిలో ఉంది.

లాభాలబాట

ఇంత చర్చ బాగుంది. సూటిగా చెప్పండి, కేజీ బేసిన్‌లో తవ్వే కంపెనీల షేర్లు ఇప్పుడు కొనవచ్చా?

నిర్వాహకుడు

షేర్ల ప్రశ్నలకు వేరే విభాగం ఉంది. ఈ దారంలో క్రెటేషియస్ కంటే ఇటు రావద్దని మనవి.

నల్లరాయి

షేర్లు కాదు గానీ, కేజీ బేసిన్ గురించి నాకూ అడగాలని ఉంది. పోయిన ఆదివారం మిత్రుడి బండిమీద చింతలపూడి వైపు రాఘవపురం షేల్ చూడటానికి వెళ్లాను. నల్లటి మూలశిల చూస్తానని సుత్తి, సంచి పట్టుకుని పోతే తెల్లగా, లేత పసుపుగా, అక్కడక్కడ ఊదారంగులో సుద్దలాంటి రాయి కనిపించింది. ఆకుల ముద్రలు దొరికాయి. ఇదా మూలశిల? ఊరు తప్పు వెళ్లానేమో అనుకున్నాను.

పాతసుత్తి

ఊరు సరైనదే. మీరు చూసింది ఎముకలను, కండ ఎప్పుడో పోయింది. నేలమీద బయటపడిన షేల్‌లో వాననీరు, గాలి లక్షల ఏళ్లుగా చొరబడి కర్బనాన్ని, పైరైటును (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) తినేస్తాయి. అదే రాఘవపురం షేల్ డెల్టా కింద కిలోమీటర్ల లోతులో బూడిదరంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. దాని కింది భాగంలో గామా ఎక్కువ, విద్యుత్ నిరోధం ఎక్కువ చూపే పొర ఒకటి ఉంది. ఎడారికాపు గారి హాట్ షేల్‌కు మన ఇంటి చెల్లెలు అనుకోండి.

భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోయి, తూర్పు తీరంలో కొత్త సముద్రం లోపలికి వస్తున్న రోజులవి. ఆకుముద్రలు మిమ్మల్ని అయోమయపెట్టాయి కానీ అవే అసలు సంగతి చెబుతున్నాయి. అదే పొరలో అమ్మోనైట్లూ (అంతరించిపోయిన, చుట్టల గుల్లలున్న సముద్రజీవులు) దొరికాయి. తీరం దగ్గర, నేలమీది మొక్కలూ సముద్రపు జీవులూ కలిసి పూడిన చోటు అది. అందుకే దీని కెరోజెన్ మిశ్రమజాతి, చమురుకంటే గ్యాసు వైపు మొగ్గు ఎక్కువ. దానికి చాలా కింద పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం పొర ఉంది. అది సముద్రానిదే కాదు, బొగ్గు, షేల్ కలిసిన, పాత గోండ్వానా మహాఖండం నాటి సరుకు. మండపేట గ్యాసుకు తల్లి అదే. ఒకే డెల్టా కింద ఇన్ని వంటిళ్లు.

ఎడారికాపు

లోతుసముద్రంలోని కేజీ డీ6 బ్లాకు గ్యాసును ఈ వంటిళ్ల ఖాతాలో వేయకండి మాస్టారూ. అక్కడి డీ1, డీ3 క్షేత్రాల గ్యాసు దాదాపు శుద్ధ మీథేన్, లేత ఒండ్రులో సూక్ష్మజీవులు చేసినది. ఉడకకుండానే వచ్చింది.

పాతసుత్తి

అవును, మంచి సవరణ. గోదావరి ఒండ్రు మూలశిలను పలచన చేసినా సూక్ష్మజీవులకు భోజనం పెట్టింది.

బురదలెక్క

నల్లరాయి గారికి ఒక జాగ్రత్త. నమూనాలో కర్బనం శాతం చూసి సంబరపడకండి. ఒకసారి మా బావిలో ముక్కలు పంపితే కర్బనం విపరీతంగా వచ్చింది, పైవాళ్లు మిఠాయిలు పంచబోయారు. తీరా చూస్తే డ్రిల్లింగ్ బురదలో కలిపిన లిగ్నైట్ బొగ్గు పొడి ముక్కలకు అంటుకుంది. నేనే ఆ రోజు కలిపిన సరుకుల పట్టిక చూడకుండా నమూనాలు పంపాను. ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు నన్ను. పేరు ఇక్కడ చెప్పను.

కోర్ దొరికితే ముందు కంటితో చూడండి. పొరలు పుస్తకం కాగితాల్లా సన్నగా, చెదరకుండా ఉంటే అడుగున పురుగులు బతకలేదని అర్థం, ఆక్సిజన్ లేదనడానికి అదే మొదటి సాక్షి. పొరలు కలిసిపోయి, బొరియలు కనిపిస్తే ఎవరో దున్నారు, తిన్నారు.

నల్లరాయి

చాలా సంతోషం. సెమినారుకు నా మొదటి పటం మార్చేశాను. నల్లసముద్రం, పెరూ, బంగాళాఖాతం మూడూ పక్కపక్కన పెడుతున్నాను. ఒక్కొక్కదాని కింద మూడు గీతలు: పంట ఎంత, మిగులు ఎంత, ఒండ్రు ఎంత. చివరి పటంలో రాఘవపురం పెట్టాలని ఉంది, కానీ నా దగ్గర ఉన్నది తెల్లరాయే. ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. ఎక్కడ వెతకమంటారు?

పాతసుత్తి

రోడ్డు పక్క గట్లు వదిలేయండి. పొలాల్లో ఎవరైనా వ్యవసాయానికి కొత్త బోరు వేయిస్తుంటే ఆగండి. రిగ్గు పక్కన గుట్టగా పడే పొడిలో రంగు ఏ లోతు దగ్గర మారిందో ఆ రైతునే అడగండి, మీకంటే ఆయన బాగా చూసి ఉంటాడు, డబ్బు ఆయనది కదా. బూడిదరంగు తిరిగాక వచ్చిన ముక్కలు రెండు పిడికిళ్లు తీసి కడిగి ఆరబెట్టి, లోతు రాసిన కాగితంతో సహా కవరులో వేయండి. బోరులో నురుగు వాడుతుంటే ఆ డబ్బా మీద ఏమి రాసి ఉందో అదీ రాసుకోండి, లేకపోతే బురదలెక్క గారి బిరుదు మీకు వస్తుంది.